ఆఖరి చాప్టరు రేపు

నా కొత్త నవలకి అట్ట నల్లగా వేశారు. మధ్యలో లాడ్జి మెట్లు, కింది మెట్టు మీద విడిచిన చెప్పుల జత. అట్టకి నేను వంక పెట్టలేదు. దాని కింద వేస్తామన్న మాటకి పెట్టాను. పుస్తకం అచ్చు వేసిన అమ్మాయి నా మనవరాలి వయసుది. ఆ మాట ఫోనులో చూపించింది: "చదువు రాని అవ్వ చెప్పిన చీకటి నగరం కథ."

"చదువు రాకుండా ఎలా రాశానే?" అన్నాను.

"అది కాదమ్మా, ప్రమోషన్ అన్నాక జనాన్ని పట్టుకునే మాట ఒకటి ఉండాలి కదా. మీరు పెద్దయ్యాక నేర్చుకున్నారు, అది వినగానే ఎవరికైనా..."

"పెద్దయ్యాకే నేర్చుకున్నాను. నేర్చుకున్నాను కదా? రైలు లేటుగా వస్తే రాలేదని చెప్తారా నాంపల్లి స్టేషన్లో?"

"భలే ఉందమ్మా! ఇదే పెడదాం!" అని ఆ పిల్ల ఫోనులో టకటకా కొట్టుకుంది. ఈ కాలం పిల్లలతో ఇదే కష్టం. తిట్టినా పోస్టరు చేస్తారు.

ఇంతకు ముందు నా నవలలు వచ్చినప్పుడు నేను గడప దాటలేదు. హత్యలు రాసే ముసలిదాని మొహం చూడాలని ఎవరికుంటుంది? ఉన్నా, మైకు ముందు నిలబడే సరదా నాకు లేదు. ఈసారి మాత్రం ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తానని నేనే చెప్పాను. నాంపల్లిలో సభ అంటే సరే అన్నాను. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య కూర్చోవాలంటే సరే అన్నాను. వీడియో అంటే దానికీ సరే అన్నాను. తన మాటకారితనానికి నేను లొంగానని ఆ అమ్మాయి అనుకుంది. అనుకోనీ. ఈ పుస్తకం సంగతి ఒక మనిషి చెవిన పడాలి, అంతే నాకు కావలసింది. ఆ మనిషి ఎక్కడుందో నాకు తెలియదు. ఉందో లేదో కూడా తెలియదు.

ఆమెను నేను అక్క అనేదాన్ని. తోడబుట్టిన అక్క కాదు. నాంపల్లి స్టేషన్ ఎదుటి సందులో అప్పట్లో ఒక లాడ్జి ఉండేది. మా ఆయన స్టేషన్లో పార్సిళ్లు మోసేవాడు. ఆయన పోయాక ఆ లాడ్జిలో నాకు పని దొరికింది. గదులు ఊడవడం, దుప్పట్లు ఉతకడం. మా వాళ్లు కృష్ణా జిల్లా నుంచి, రాజధాని ఇక్కడికి మారినప్పుడు, ఆఫీసు గుమాస్తాల వెనక వంటలు చేసుకుంటూ వచ్చినవాళ్లు. మా ఇంట్లో బడి మగపిల్లలకే. సంతకం చేయాల్సిన చోట నేను బొటనవేలు వేసేదాన్ని. సిగ్గుపడాలని కూడా తెలియదు, నా చుట్టూ ఉన్న ఆడవాళ్లందరూ అదే వేలు వేసేవాళ్లు.

అక్కది మెదక్ వైపు. క్రైస్తవులు. మిషను బడిలో చదువుకుంది. ఎంతవరకో తను చెప్పలేదు, నేను అడగలేదు. పొడుగ్గా, భుజాల ఎముకలు తేలి ఉండేది. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి పోయి, అటునుంచి అటే వచ్చి, ఆ చీర కుచ్చెళ్లే పైకి దోపుకుని దుప్పట్ల తొట్టి దగ్గర కూర్చునేది. నేను పనిలో చేరిన రోజు నన్ను కాసేపు చూసి, "ఏంది చెల్లె, దుప్పటిని గట్ల బాదుతున్నవ్? అదేమన్న నీ అత్తనా?" అంది. అప్పటినుంచి నేను చెల్లెనే.

లాడ్జి దుప్పటి ఒక్కరు మడిస్తే మడత రాదు. ఇద్దరు కావాలి. చెరో రెండు కొసలు పట్టుకుని దులిపి, ఎదురెదురుగా నడిచి కొసలు కలపాలి. మళ్లీ వెనక్కి వెళ్లి మళ్లీ కలవాలి. రోజంతా అలా దగ్గరికి రావడం, దూరం పోవడం. కొసలు కలిసినప్పుడల్లా అక్క నా చెవిలో ఏదో ఒకటి అనేది. పై గదిలో దిగిన పెళ్లికొడుకు గురక సంగతో, మేనేజరు విగ్గు సంగతో. నేను నవ్వితే కొస జారేది. "పట్టుకో, పట్టుకో. నవ్వుతె చేతులల్ల బలం పోతదా నీకు?" అని కసిరేది.

మధ్యాహ్నం మాకు కాస్త తెరిపి దొరికేది. పొద్దున పోయేవాళ్లు పోయి, సాయంత్రం రైళ్లవాళ్లు ఇంకా దిగని వేళ. మేడ మీద తీగల నిండా తెల్లదుప్పట్లు. వాటి నీడలో కూర్చుని అక్క సంచిలోంచి పుస్తకం తీసేది. సుల్తాన్ బజార్ వెనక సందులో కిరాయికి పుస్తకాలిచ్చే దుకాణం ఉండేది, అక్కడినుంచి తెచ్చేది. అన్నీ హత్యల నవలలే. అట్టల మీద ఆడదాని కళ్లు, కత్తి, టెలిఫోను, నెత్తురు. బైబిలూ అదే సంచిలో ఉండేది. దానికి వేరే గుడ్డ చుట్టి ఉండేది.

ఆమె చదివే తీరు నేనింకెక్కడా వినలేదు. చర్చిలో వాక్యం చదివినట్టు చదివేది. మాటను మెల్లగా ఎత్తి, మధ్యలో ఒకచోట నిలిపి, చివరికి దించేది. పుస్తకంలో ఇన్‌స్పెక్టరు పిస్తోలు తీశాడని ఉంటే, ఆమె నోట్లో "ఇన్‌స్పెక్టరు... తన పిస్తోలు... తీసెను" అయ్యేది. శవం దొరికెను. కారు ఆగెను. ఆమె గొంతులో ఎంత దొంగవాడైనా పెద్దమనిషిలా నడిచేవాడు.

"ఏంటక్కా ఆ చదవడం? వింటే చచ్చినవాడు లేచి కూర్చునేలా ఉన్నాడు" అనేదాన్ని.

"లేస్తె లేవనియ్. మనకు దుప్పటి మార్చే పని తప్పుతది."

ఆమె వేలు అక్షరాల కింద నడిచేది. నేను పక్కన కూర్చుని ఆ వేలి వెంట చూసేదాన్ని. చూడగా చూడగా ఒక గుర్తు మళ్లీ మళ్లీ వస్తోందని తెలిసింది. "అక్కా, ఇది పొద్దున కూడా వచ్చింది. ఏంటిది?" అన్నాను. ఆమె నా మొహం చూసి, "హత్య" అంది. అందరూ అమ్మ, ఆవు అంటూ మొదలుపెడతారు. నేను చదివిన మొదటి మాట హత్య. తరువాతది రక్తం. అమ్మ దగ్గరికి రావడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఆ నవలల్లో అమ్మలు తక్కువ.

మా ఇద్దరికీ ఒక కట్టుబాటు ఉండేది, అక్క పెట్టిందే. కథ ఎంత బిగువులో ఉన్నా, ఆఖరి చాప్టరు ముందు పుస్తకం మూసేయాలి. "ఆఖరి చాప్టరు రేపు. ఎవలు చంపిన్రో పోయి ఆలోచన చేసుకో. రేపు నువ్వొక పేరు చెప్పు, నేనొక పేరు చెప్త. ఓడినోళ్లు చాయ్ తాపాలె" అనేది. నేను ఇంటికి పోయి బియ్యం ఏరుతూ ఆలోచించేదాన్ని. మరునాడు పేరు చెప్పేదాన్ని. అక్క ఇంకో పేరు చెప్పేది. తరువాత ఆఖరి చాప్టరు. ప్రతిసారీ ఆమె చెప్పినవాడే హంతకుడు. స్టేషన్ పక్క ఇరానీ హోటల్లో చాయ్ ఎప్పుడూ నా మీదే పడేది. "నీ బుర్ర మంచిదే చెల్లె, జర నమ్ముడు ఎక్కువ" అని సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగేది.

ఎర్ర టెలిఫోను అట్ట ఉన్న నవల ఒకటి బాగా గుర్తు. నేను కారు డ్రైవరు అన్నాను. అక్క డాక్టరు అంది. ఆఖరి చాప్టరులో డాక్టరు వానలో తడుస్తూ పోలీసు స్టేషనుకి నడిచి వస్తాడు. చెప్పులు బయట విడుస్తాడు. లోపల బల్ల మీద మిగతా జనం మధ్య కూర్చుని తన వంతు వచ్చేదాకా ఆగుతాడు. పిలిచాక లేచి, "నేనే చేసితిని. ఇక మోయలేను" అంటాడు. నేను కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఏడ్చాక కోపం వచ్చింది.

"అంత చదువుకున్న డాక్టరు, ఎవరికీ అనుమానం కూడా లేదు, తనంతట తనే వచ్చి ఒప్పుకుంటాడా?"

"ఒప్పుకుంటడు చెల్లె. మోసుడు కష్టమైతది. ఎవ్వడైన వస్తడు. జర టైమ్ పడ్తది, గంతే."

లాడ్జిని అమ్మేశారు. కొన్నవాళ్లు పడగొట్టి షాపులు కడతామన్నారు. ఇప్పుడక్కడ ఫోన్ల కవర్లు అమ్ముతారు. చివరి రోజు ఉన్న దుప్పట్లన్నీ మడిచి మూటలు కట్టించారు. ఆ రోజు అక్క చెవిలో ఏమీ అనలేదు. కొసలు కలిసినప్పుడల్లా నా వేళ్లు గట్టిగా నొక్కి వదిలింది. మెదక్ అవతల తమ్ముడి ఇంటికి పోతున్నానంది. "ఏం ఫికర్ చెయ్యకు, నీకు ఇప్పుడు చదువొచ్చు. ఇంక నా అవసరం ఏమున్నది?" అంది. ఆ ఊరి కిరాణా దుకాణం ఫోను నంబరు ఇచ్చింది. కొన్నాళ్లు ఆ నంబరుకి చేస్తే పిలిచి ఇచ్చేవారు. తరువాత ఆ నంబరు పలకలేదు. ఒక క్రిస్మస్‌కి మెదక్ పెద్ద చర్చికి వెళ్లాను, వస్తే అక్కడికే వస్తుందని. మైదానం నిండా తెల్లచీరలు. నేను ఉండబట్టలేక "అక్కా!" అని గట్టిగా పిలిచాను. చాలామంది తిరిగి చూశారు. అందులో ఆమె లేదు.

తరువాత హిమాయత్‌నగర్‌లో ఒక ఇంట్లో వంటకి కుదిరాను. ఆదివారాలు సెలవు. అబిడ్స్‌లో మూసిన షాపుల ముందు పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడికి పోయేదాన్ని. చదవడం వచ్చిన కొత్త, ఏదైనా చదివేదాన్ని. పొట్లం కాగితం కూడా విప్పి చదివేదాన్ని. అలా ఒక ఆదివారం ఆ కుప్పలో ఎర్ర టెలిఫోను అట్ట కనిపించింది. నవల పేరు నాకు అప్పుడే తెలిసింది. లాడ్జి రోజుల్లో అట్ట మీద బొమ్మే చూశాను, పేరు కూడబలుక్కునే ఓపిక ఉండేది కాదు. నిలబడే ఆఖరి పేజీలు తీశాను, ఆ వాన కోసం, ఆ డాక్టరు కోసం.

డాక్టరు రాలేదు. వాన కూడా లేదు. హంతకుడు కారు డ్రైవరు. పోలీసులు వంతెన మీద తరుముతారు, తుపాకులు పేలతాయి, వాడు నీళ్లలో పడిపోతాడు, ఇన్‌స్పెక్టరు సిగరెట్టు వెలిగిస్తాడు. అయిపోయింది.

నాకు ఒళ్లు మండింది. తప్పు అచ్చు వేశారనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. అక్క నోట విన్నదాని ముందు అచ్చయినది నాకు అబద్ధంలా కనపడింది.

"అమ్మా, తీసుకుంటవా, పెడ్తవా?" అన్నాడు పుస్తకాలాయన.

"దీని ఆఖరు ఇది కాదు" అన్నాను.

"పుస్తకంల ఉన్నదే ఆఖరు గదమ్మా. ఇంక యాడుంటది?"

ఆ మాట పట్టుకుని నాంపల్లి దాకా నడిచాను. లాడ్జి ఉన్న చోటికి వచ్చి, ఎదుట సిమెంటు గట్టు మీద కూర్చున్నాను. అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. సుల్తాన్ బజార్ దుకాణంలో పేజీలు ఊడిన పుస్తకానికి కిరాయి సగమే. అక్క ఎప్పుడూ ఆ సగం కిరాయి పుస్తకాలే తెచ్చేది. చేతులు మారి మారి మొదట ఊడేది చివరి పేజీలే. ఆఖరి చాప్టరు చదివేటప్పుడు ఆమె వేలు అక్షరాల కింద నడిచేది కాదు. బొటనవేలు పుస్తకంలో ఒకచోట ఇరికించి, పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఎండుతున్న దుప్పట్ల వైపు చూస్తూ చదివేది. కాగితం తిరిగిన చప్పుడు నేనెప్పుడూ వినలేదు. దుప్పట్లు గాలికి కొట్టుకునే చప్పుడే.

ఆ కట్టుబాటు కూడా అందుకే. ఆఖరి చాప్టరు రేపు అనేది నన్ను ఊరించడానికి కాదు. అది అల్లుకోవడానికి ఆమెకు ఒక రాత్రి కావాలి. చాయ్ పందెం ఆమె ఎందుకు ఓడలేదో కూడా అప్పుడే తెలిసింది. హంతకుడు ఎవరో ఆమె చేతిలో ఉంటే ఎలా ఓడుతుంది? నేను ఆ గట్టు మీద కూర్చుని పెద్దగా నవ్వాను. పక్కన ఉన్నాయన లేచి దూరంగా పోయి కూర్చున్నాడు. నవ్వు ఆగాక చూసుకుంటే ఏడుస్తున్నాను.

కేసు తేల్చేశాను. తేల్చానని చెప్పడానికి ముద్దాయి లేదు.

ఆ తరువాతే నేను రాయడం మొదలుపెట్టాను. అదేమీ ఘనకార్యం కాదు. చెప్పే మనిషి పోయింది కాబట్టి నాకు నేనే చెప్పుకున్నాను. మధ్యాహ్నం ఆ ఇంటివాళ్లు పడుకున్నాక వంటింట్లో రాసేదాన్ని. వారపత్రికలకి పంపితే తిరిగొచ్చాయి, తరువాత ఒకటి వేశారు, తరువాత అడిగి వేశారు. నా నవలల్లో నగరం చీకటిగానే ఉంటుంది. నేను చూసింది లాడ్జి వెనక మెట్లు కాబట్టి అవే రాశాను. హంతకుడు మాత్రం ఏ నవలలోనూ పట్టుబడడు. తనే వస్తాడు.

ఈ కొత్త నవల మా లాడ్జిదే. మేడ ఉంది, తీగలున్నాయి, దుప్పట్లు మడిచే ఇద్దరు ఆడవాళ్లున్నారు. ఊరి నుంచి పని కోసం వచ్చిన ఒక పిల్ల గదిలో చచ్చి పడి ఉంటుంది. చంపినవాడు లాయరు, లాడ్జి అతనిదే. అతని మీద ఈగ వాలదు. ఆఖరి చాప్టరులో అతను ఆ మెట్ల కింద చెప్పులు విడిచి, దుప్పట్లు మడిచే ఆడవాళ్ల దగ్గరికి నడిచి వస్తాడు. ఈ పుస్తకం అక్క చెవిన పడితే, ఎవరు రాశారో మొదటి పేజీలోనే పట్టేస్తుంది. పట్టేసి వస్తుంది. వస్తే చాయ్‌లన్నీ కక్కిస్తాను. కక్కించాక మళ్లీ ఒక్కసారి చదివించుకుంటాను. ఇంతే నా ప్రమోషను.

నాంపల్లి హాలులో సభ జరిగింది. సగం కుర్చీలు ఖాళీ. వచ్చినవాళ్లలో తెల్లచీర కట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని వేదిక మీదినుంచి వరసవారీగా చూశాను. ఎవరూ లేరు. గడ్డం కుర్రాడొకడు, పుస్తకాల మీద వీడియోలు చేస్తాడట, మైకు తీసుకున్నాడు.

"అమ్మా, నవల చాలా డార్క్‌గా ఉంది, అదిరిపోయింది. కానీ క్లైమాక్స్ నాకు ఎక్కలేదు. ఆ లాయరుని ఎవరూ ఏమీ చేయలేరు. అలాంటివాడు తనంతట తను నడిచి రావడమేంటి? మీ అన్ని నవలల్లోనూ ఇంతే. పట్టుకోవచ్చు కదా?"

"పట్టుకోవడం నీకు కావాలి నాయనా. నాకు రావడం కావాలి."

"రాకపోతే?"

"కూర్చుంటాను" అన్నాను.

వాళ్లు చప్పట్లు కొట్టారు. నేను చప్పట్ల కోసం అనలేదు. అచ్చు వేసిన అమ్మాయి ఒక పేజీ చదవమంది. కళ్లజోడు పెట్టుకుని మొదలుపెట్టాను. నాకు ఒక్కటే రకం చదవడం వచ్చు, నేర్పిన మనిషి ఎలా చదివిందో అలా. "ఆ దినమున... మూడవ అంతస్తులో... దీపము ఆరిపోయెను." నేను రాసింది లైటు పోయిందని. నోట్లోకి వచ్చేసరికి అలా అయింది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ముందు వరసలో ఫోనులు పైకి లేచాయి. నేను ఆపలేదు. ఇంకొంచెం సాగదీశాను కూడా. పోనీ, దూరం పోతుంది.

పోయింది. రెండు మూడు రోజులకి ఆ అమ్మాయి ఎగురుకుంటూ వచ్చింది. "వైరల్ అయిందమ్మా! అందరూ షేర్ చేస్తున్నారు, చూడండి!" అని కింద జనం రాసినవి చదివి వినిపించింది.

"మా నానమ్మ అచ్చం గిట్లనే సదువుతది."

"వాళ్ల నంబరు అడిగి ఫోన్ చెయ్" అన్నాను. చేసింది. "మీ నానమ్మ నాంపల్లి లాడ్జిలో పని చేసిందా తల్లీ?" అని అడిగాను. "లేదమ్మా, మా నానమ్మ మిషన్ దవాఖానల ఆయా ఉండె" అంది అవతలి పిల్ల. ఇంకొకరు సికింద్రాబాద్ నుంచి. వాళ్ల పెద్దమ్మ టీచరట. ఇంకొకరు గుంటూరు వైపు నుంచి. "మా జేజమ్మ పేపరు కూడా ఇలాగే చదివేదండి, ధరలు పెరిగెను అని." ఆ అమ్మాయి నవ్వుతూ చదువుతూనే ఉంది. వచ్చిన ప్రతిదానికీ నేను ఫోను చేయించాను. ప్రతిసారీ అదే ప్రశ్న, ప్రతిసారీ లేదనే జవాబు.

ఇన్నేళ్లూ ఆ రాగం అక్కదే అనుకున్నాను. లోకంలో ఇంకెవరికీ లేదనుకున్నాను. ఆ రాగం వినపడితే చాలు, అది నేరుగా ఆమె దగ్గరికే పోతుందనుకున్నాను. ఊళ్లకు ఊళ్లు అలాగే చదువుతాయట. మెదక్ మైదానంలో అక్కా అని పిలిచినట్టే అయింది.

తరువాతి ఆదివారం అబిడ్స్‌లో కూర్చున్నాను. పుస్తకాలాయన తను పరిచిన పట్టా మీద కొంచెం చోటు, ఒక స్టూలు, నాకొక ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చాడు. ఆ అమ్మాయి నల్ల పుస్తకాలు పేర్చి, ఫోను పట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది. కొందరు కొన్నారు, కొందరు నాతో ఫోటోలు దిగి కొనకుండా పోయారు. ఎండ ముదిరే వేళకి ఒకావిడ కూతురి చేయి పట్టుకుని వచ్చింది. తెల్లచీర. చంకలో గుడ్డసంచి, అందులో బైబిలు అంచు కనపడుతోంది. నేను కుర్చీలోంచి సగం లేచాను.

ఆమె కాదు. పొట్టి మనిషి, గుండ్రటి మొహం. నేను మళ్లీ కూర్చున్నాను.

"నువ్వేనా నా లెక్క సదివేటిది?" అంది ఆవిడ. "చర్చి అయినంక మా బిడ్డ ఫోన్ల చూపెట్టింది. ఎవ్వరో చూద్దామని వచ్చిన. యాడ నేర్చుకున్నవ్ గట్ల సదువుడు? మీరు మా చర్చోల్లు కాదు గద?"

"మీ మెదక్ ఆవిడే నేర్పింది. స్టేషన్ దగ్గర లాడ్జిలో."

"నాది మెదక్ కాదు, జోగిపేట" అంది, అది పెద్ద తేడా అన్నట్టు. స్టూలు మీద కూర్చుంది. నల్ల పుస్తకం ఒకటి తీసుకుని అట్ట అటూ ఇటూ తిప్పి, తిన్నగా చివరి పేజీలు తెరిచింది.

"అయ్యో, చివర ముందు చదవకూడదమ్మా" అన్నాను. "ఎవరు చంపారో తెలిసిపోతుంది. అది రేపటికి ఉంచుకోవాలి."

"రేపా? నా వయసుకు మొదటికెళ్లి సదువుకుంట కూసుంటె ఆఖరు నాకు దొరుకుతదా? ఆఖరు మంచిగుంటెనే కొంట."

"ఇంట్ల సదువుకో అమ్మా, ఎండ" అంది కూతురు.

"నువ్వుండే. ఇంటికి పోతె నన్ను సదవనిస్తవా? టీవీ పెడ్తవ్."

ఆవిడ కళ్లజోడు సర్దుకుంది. మనసులో చదవడం ఆవిడకి రాదు, నాకూ రాదు. పైకే మొదలుపెట్టింది. వేలు అక్షరాల కింద నడుస్తోంది.

"లాయరు... మెట్ల దగ్గర... ఆగెను."

నేను రాసింది ఆగాడని. కళ్లు మూసుకున్నాను.

గొంతు అక్కది కాదు. అక్కది కాస్త బొంగురు, ఈవిడది సన్నం. కానీ ఎత్తడం అదే, మధ్యలో నిలపడం అదే, దించడం అదే. లాయరు చెప్పులు విడిచెను. ఒక మెట్టు ఎక్కెను. మేడ మీద తెల్లని దుప్పట్లు ఎండుచుండెను. ఆ ఇద్దరు స్త్రీలు కొసలు పట్టుకుని నిలిచియుండిరి. అబిడ్స్ మీద బస్సులు హారన్లు కొడుతున్నాయి, పక్కన ఎవరో చార్జర్లు అమ్ముతూ అరుస్తున్నాడు. ఆవిడ దేనికీ ఆగలేదు. పేజీ చివరికి వచ్చి వేలు తడుపుకుంది. కాగితం తిరిగిన చప్పుడు వినిపించింది. మళ్లీ కాసేపటికి ఇంకొకటి తిరిగింది. ఆఖరి చాప్టరులో ఆ చప్పుడు నేను వినడం అదే మొదటిసారి.

చివరి మాట దించి ఆవిడ పుస్తకం మూసింది. నేను కళ్లు తుడుచుకుని తెరిచాను.

"మంచిగనే రాసినవ్" అంది. "కని గంత పెద్ద లాయరు, ఎవ్వరూ తీస్కరాకుండ, గట్ల తనంతట తను నడిసి వచ్చుడేంది? ఎవ్వరొస్తరమ్మా గట్ల?"

"వస్తారు" అన్నాను. "కొంచెం టైమ్ పడుతుంది, అంతే."

ఆవిడ ఒక పుస్తకం సంచిలో, బైబిలు పక్కన పెట్టుకుని కూతురి చేయి పట్టుకుని పోయింది. అచ్చు వేసిన అమ్మాయి వచ్చి, ఎండ ఎక్కువైంది, ఆటో పిలవనా అని అడిగింది. వద్దన్నాను. స్టూలు తీసేయబోతే, దాన్ని అక్కడే ఉండనివ్వమన్నాను.